బెంగళూరులో వాడేసిన వస్తువుల కళ

వాడి పారేసిన కాగితం, గుడ్డ, చెక్క, రేకు, యంత్ర భాగాలు, ఎలక్ట్రానిక్ తుక్కుతో చేసే మిశ్రమ మాధ్యమ చిత్రాలు, అసెంబ్లేజ్‌లు, ఇన్‌స్టలేషన్లు బెంగళూరు ఆధునిక కళలో 1990ల నుంచి ప్రస్ఫుటంగా కనిపించే పాయ. రంగుతో పాటు ఇతర పదార్థాలనూ పలక మీదికి తెచ్చేది మిశ్రమ మాధ్యమ చిత్రం. వేర్వేరు వస్తువులను వాటి ఆనవాలు చెరిగిపోకుండా ఒకచోట కూర్చి నిలబెట్టేది అసెంబ్లేజ్. కుర్చీ కాలు శిల్పంలో భాగమయ్యాక కూడా కుర్చీ కాలుగానే గుర్తుపట్టేలా ఉండాలి. ఈ కళారూపానికి మూలాలు యూరప్‌లో ఉన్నా, బెంగళూరులో దానికి సత్తువనిచ్చినవి ఇక్కడి పాత సామాన్ల బజార్లు, రోడ్డు పనుల గుడిసెలు, వాహనాలకు కట్టే దిష్టితాళ్లు.

పూర్వరంగం

ఒకే పలక మీద అనేక పదార్థాలను కూర్చడం దక్షిణాదికి కొత్త కాదు. తంజావూరు చిత్రంలో చెక్కపలకకు గుడ్డ అంటించి, సుద్ద, జిగురు కలిపిన ముద్దతో నగలనూ మంటపాన్నీ ఉబ్బెత్తుగా తీర్చి, వాటిలో గాజుముక్కలు, రాళ్లు పొదిగి, పైన బంగారు రేకు అతుకుతారు. ఈ పనిలో పేరుపడ్డ రాజు, నాయుడు కులాల చిత్రకారులు రాయలసీమ వైపు నుంచి తంజావూరు చేరిన తెలుగు కుటుంబాలవారు. మైసూరు చిత్రకారులు అదే పద్ధతిని ఇంకా పలచటి పూతతో, సన్నని గీతతో సాగించారు. పాత గుడ్డకు మరో బతుకునిచ్చే పని ఆడవాళ్ల చేతుల్లో నడిచింది. మన ఇళ్లలో బొంత కుట్టినట్టే ఉత్తర కన్నడ జిల్లాలోని సిద్ది స్త్రీలు చిరిగిన చీరలు, చొక్కాల ముక్కలతో కవంది అనే దుప్పట్లు కుడతారు. వాటిలో రంగుల అమరిక చూస్తే ఏ చిత్రకారుడైనా ఆగి చూడాల్సిందే. కళాచరిత్ర పుస్తకాలు వాటిని చాలాకాలం లెక్కలోకి తీసుకోలేదు.

యూరప్‌లో 1912లో పికాసో కుర్చీ అల్లిక అచ్చువేసిన మైనపు గుడ్డను చిత్రానికి అంటించి, చుట్టూ తాడు బిగించాడు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, 1919 నుంచి, జర్మనీలోని హానోవర్‌లో కర్ట్ ష్విటర్స్ ట్రామ్ టికెట్లు, చింపిన కాగితాలు, చెక్కముక్కలు ఏరి చిత్రాలు కూర్చాడు. 1950లలో ఫ్రెంచి చిత్రకారుడు జాన్ దుబుఫే వాడిన అసెంబ్లేజ్ అనే పేరు, 1961లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ ఏర్పాటు చేసిన పెద్ద ప్రదర్శనతో స్థిరపడింది. మన దేశంలో అహ్మదాబాదుకు చెందిన పీరాజీ సాగరా పాత చెక్కను కాల్చి, రేకులు, మేకులు దిగ్గొట్టి చిత్రాలు చేశారు. చండీగఢ్‌లో రోడ్ల శాఖ ఉద్యోగి నేక్ చంద్ కొత్త నగరం కోసం కూల్చిన ఊళ్ల శిథిలాలను, పగిలిన గాజులను, పింగాణీ ముక్కలను రహస్యంగా పోగేసి బొమ్మల వనాన్నే నిర్మించారు. రాక్ గార్డెన్ అనే ఆ వనం 1976లో ప్రజలకు తెరుచుకుంది.

నగరం, కర్మాగారం, గుజిరీ

బెంగళూరులో కళాబోధనకు తొలి అడుగుల్లో ఒకటి 1919లో ఎ.ఎన్. సుబ్బారావు నెలకొల్పిన కలామందిర. తర్వాత 1960లో కర్ణాటక చిత్రకళా పరిషత్తు, 1968లో ఆర్.ఎం. హడపద్ నడిపిన కెన్ స్కూల్ వచ్చాయి. ఇవి ఎదుగుతున్న కాలంలోనే నగరం కర్మాగారాల ఊరుగా మారింది. హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ (తర్వాతి హెచ్ఏఎల్) 1940లో, టెలిఫోన్ల కర్మాగారం ఐటీఐ 1948లో, హెచ్ఎంటీ 1953లో, బీఈఎల్ 1954లో మొదలయ్యాయి. పీణ్య పారిశ్రామికవాడ పుట్టింది. లేత్ మెషిన్ల కింద రాలిన ఇనుప చెక్కులు, పాత వైర్లు, తీసేసిన గేర్లు నగరంలోని గుజిరీ దుకాణాలకు చేరాయి. బెంగళూరు తెలుగువారు కూడా పాత ఇనుప సామాన్ల వ్యాపారాన్ని గుజిరీ అనే అంటారు. జాలీ మొహల్లాలో కాగితం, ప్లాస్టిక్, శివాజీనగర్‌లో విప్పిన వాహనాల భాగాలు, ఎస్పీ రోడ్డులో ఎలక్ట్రానిక్ సామాను దొరుకుతాయి. రంగుల గొట్టాలు కొనే స్తోమత లేని విద్యార్థికి ఈ వీధులే ముడిసరుకు గిడ్డంగులు. ఫ్యాక్టరీకీ స్టూడియోకీ ఎడం కూడా తక్కువే: ప్రసిద్ధ చిత్రకారుడు, శిల్పి యూసుఫ్ అరక్కల్ (1945–2016) హెచ్ఏఎల్‌లో ఉద్యోగం చేసి, చిత్రకళా పరిషత్తులో చదువుకుని కళలోకి వచ్చారు.

షీలా గౌడ

ఈ చరిత్రకు కేంద్రం షీలా గౌడ. 1957లో ఉక్కు కర్మాగారం ఉన్న భద్రావతిలో పుట్టారు. కెన్ స్కూల్లో, శాంతినికేతన్‌లో, లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో చిత్రలేఖనం నేర్చుకుని బెంగళూరులో స్థిరపడ్డారు. 1992 డిసెంబరులో బాబ్రీ మసీదు కూల్చివేత, ఆ వెంటనే బొంబాయి అల్లర్లు జరిగాక, నూనె రంగుల్లో తాను చెప్పదలచుకున్నది చెప్పలేకపోతున్నానని ఆమెకు అనిపించింది. ఆవుపేడ చేతికి తీసుకున్నారు. వంట చెరకు, వాకిలి అలుకు, పూజకు శుద్ధి, అప్పటి రాజకీయాల్లో జెండా, ఇన్ని అర్థాలు ఒక్క పిడకలో ఉన్నాయి. పేడ ఇటుకలను వరుసగా పేర్చి మధ్య సందులో కుంకుమ నింపిన ‘మోర్టార్ లైన్’ (1996) ఆ దశలోని రచన. గోడకట్టులో నెత్తుటి చార లాంటి ఆ గీతకు వివరణ పలక అక్కర్లేదు. తర్వాత వందల అడుగుల దారాన్ని సూది బెజ్జాల్లోంచి లాగి, కుంకుమ, జిగురుతో తాడుగా చేసి గదినిండా వేలాడదీసిన రచన ఆమెను అంతర్జాతీయ ప్రదర్శనలకు తీసుకెళ్లింది.

2006 నాటి ‘డార్క్‌రూమ్’కు వాడిన సరుకు తారు డ్రమ్ములు. రోడ్లు వేసే వలస కూలీలు ఖాళీ అయిన డ్రమ్ములను చీల్చి, సాగగొట్టి, ఆ రేకులతోనే పని జరిగేచోట గుడిసెలు వేసుకుంటారు. పాలమూరు నుంచి పనికి వెళ్లినవారి బిడారాలు చూసినవాళ్లకు ఈ దృశ్యం పరిచయమే. గౌడ ఆ డ్రమ్ములనే స్తంభాలుగా నిలబెట్టి, సాపు చేసిన రేకులతో గది కట్టారు. వంగి లోపలికి వెళితే చీకటి. కప్పుకు పొడిచిన సన్నని బెజ్జాల్లోంచి వెలుగు చుక్కలుగా పడుతుంది, రాత్రి ఆకాశంలా. దరిద్రాన్ని అలంకరించి చూపడం సులభం. ఆ రేకు కింద బతికే మనిషికి కూడా ఒక ఆకాశం ఉందని గుర్తుచేయడం కష్టం. ఆ కష్టమైన పని ఈ రచన చేసింది. డ్రమ్ము రేకుల నుంచి కాంక్రీటు మోసే తట్టలను కత్తిరించే చిన్న కార్ఖానాలు కూడా ఆమె దృష్టిలో పడ్డాయి. తట్టలు పోగా చిల్లులతో మిగిలిన రేకులను కూడా ఆమె తర్వాతి రచనల్లో ప్రదర్శించారు.

2009 వెనిస్ బియన్నాలెలో ప్రదర్శించిన ‘బిహోల్డ్’ తెలుగు పాఠకులకు మరీ దగ్గరిది. గుళ్లలో సమర్పించిన తలనీలాల్లో పొడవైనవి విగ్గుల వ్యాపారానికి వెళ్తాయి. పొట్టి జుట్టును తాళ్లుగా పేని అమ్ముతారు. దిష్టి తగలకుండా ఆ నల్లతాళ్లను బెంగళూరు డ్రైవర్లు బండ్ల బంపర్లకు కట్టుకుంటారు. గౌడ దాదాపు 4,000 మీటర్ల జుట్టు తాడును ముడులుగా, గుట్టలుగా కూర్చి, దాని మీద ఆధారపడి వేలాడుతున్నట్టుగా ఉక్కు బంపర్లను అమర్చారు. మొక్కు తీర్చుకున్న వేలమంది ముఖం తెలియని మనుషుల దేహభాగం బరువైన లోహాన్ని మోస్తోంది. ఈ రచన ఇప్పుడు లండన్‌లోని టేట్ సేకరణలో ఉంది. 2019లో గౌడకు మరియా లాస్నిగ్ బహుమతి దక్కింది.

వస్తువును ఆమె ఎక్కడా మారువేషం కట్టించరు. రేకు రేకులానే ఉంటుంది, తుప్పుతో, తారు మరకతో. ఎవరు వాడారో, ఎందుకు వాడారో ఆ మరకలోనే ఉంది. అందుకే ఆమె రచనల ముందు నిలబడ్డ కూలీకి కూడా తన వస్తువు పరాయిదిగా కనబడదు.

తక్కిన దారులు

రవికుమార్ కాశి కాగితపు గుజ్జును ఎంచుకున్నారు. గ్లాస్గోలోనూ కొరియాలోనూ చేతి కాగితం తయారీ నేర్చుకుని, గుజ్జుతో అక్షరాల్లాంటి వలలు, పుస్తకాలు, వేలాడే రూపాలు చేశారు. శాంతమణి ముద్దయ్య కట్టెబొగ్గుతో శిల్పాలు కూర్చారు. 2014 కొచ్చి–ముజిరిస్ బియన్నాలెలో ఆమె ‘బ్యాక్‌బోన్’ అనే భారీ వెన్నెముకను నేలమీద పరిచారు. ఇలాంటి ప్రయోగాలకు గ్యాలరీల్లో చోటు దొరకని రోజుల్లో సురేశ్ జయరాం 2003లో శాంతినగర్‌లో తన ఇంటినే ‘1 శాంతిరోడ్’ స్టూడియోగా తెరిచారు. అమ్ముడుపోయే అవకాశం లేని పనిని పదిమందికి చూపించుకునే చోటు కళాకారుడికి ఎంత అవసరమో అక్కడ పనిచేసినవారికే తెలుసు.

2012లో చెత్త నగర రాజకీయాల్లోకి వచ్చింది. మావళ్లిపుర గ్రామస్తులు తమ ఊళ్లో డంపింగ్‌ను అడ్డుకోవడంతో వీధుల్లో చెత్త గుట్టలుగా పేరుకుంది. రోజుకు 4,000 టన్నులకు పైగా చెత్త వచ్చే నగరం అది. ఇంటి దగ్గరే తడి, పొడి చెత్త వేరుచేయాలన్న నిబంధన, వార్డుల్లో పొడి చెత్త సేకరణ కేంద్రాలు ఆ సంక్షోభం నుంచి ఊపందుకున్నాయి. చెత్త ఏరుకునేవారికి నగరపాలక సంస్థ గుర్తింపు కార్డులివ్వడం, వారి సంఘం హసిరు దళ బలపడటం కూడా ఆ కాలం సంగతులే. బడుల్లో, ఐటీ కంపెనీల ఆవరణల్లో తుక్కుతో బొమ్మలు చేయించడం అప్పటినుంచి పెరిగింది. వీటిలో చాలావరకు అలంకరణ దగ్గరే ఆగిపోయాయి. పాత టైర్‌కు రంగు పూసి నెమలి అంటే, అది టైర్ సంగతీ చెప్పదు, నెమలి సంగతీ చెప్పదు.

ఎలక్ట్రానిక్ తుక్కుతో పనిచేసినవారిలో విశ్వనాథ్ మల్లాబాడి పేరు ముందు చెప్పాలి. ఐటీ ఉద్యోగ నేపథ్యం నుంచి వచ్చిన ఆయన మదర్‌బోర్డులు, కీబోర్డు మీటలు, చిప్‌లతో ముఖాలు, జంతువులు, నగలు తయారుచేశారు. కంప్యూటర్ల నగరానికి ఇది సహజమైన ముడిసరుకు. దేశంలో ఈ-వ్యర్థాల నిబంధనలు అమల్లోకి వచ్చింది 2012 మేలో. బెంగళూరు దగ్గర దాబస్‌పేటలో ఈ-పరిసర సంస్థ అంతకు ఏళ్ల ముందే ఈ తుక్కు శుద్ధి మొదలుపెట్టింది.

తెనాలి పాయ

బెంగళూరు దాటి చూస్తే, గుంటూరు జిల్లా తెనాలిలో ఇనుప తుక్కు శిల్పానికి వేరే పుట్టుక ఉంది. గుడి విగ్రహాలు, నాయకుల బొమ్మలు చేసే శిల్పుల ఊరది. అక్కడి సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర నట్లు, బోల్టులు, బేరింగులు, బైకు చైన్లు, గేరు చక్రాలతో నిలువెత్తు విగ్రహాలు వెల్డింగ్ చేస్తారు. వేలాది నట్లతో గాంధీ విగ్రహం చేశారు. 2021లో బెంగళూరు నుంచి వచ్చిన కోరిక మేరకు రెండు టన్నుల తుక్కుతో 14 అడుగుల ప్రధాని మోదీ విగ్రహం తయారుచేశారు. ఈ పద్ధతిలో తుక్కు రాయికి బదులు వచ్చిన పదార్థం. పోలిక కుదరడమే గెలుపు. నట్టు నట్టుగా కనబడటం రెండో వరస. గౌడ పనికి ఇది పూర్తిగా ఎదురు దిశ. అయినా ముఖకవళికను బేరింగుతోనూ చైనుతోనూ పట్టుకోవడానికి కావలసిన కంటి కొలత తరాల విగ్రహశిల్పం నుంచి వచ్చింది. దాన్ని చిన్నచూపు చూడటం తప్పు.

పని తీరు, మన్నిక

చిన్న చిత్రాలకు ప్లైవుడ్, ప్యాకింగ్ పెట్టె చెక్క ఆధారం. కాగితం, గుడ్డ ఫెవికాల్‌తో నిలుస్తాయి. బరువైన ముక్కలకు ఎం-సీల్ గానీ, రివెట్ గానీ, పలకకు బెజ్జం వేసి వెనక నుంచి తీగతో కట్టడం గానీ అవసరం. జిగురునే నమ్ముకున్న లోహపు ముక్క ఎండాకాలం ఊడిపోతుంది. ఇనుమును ముందు కిరోసిన్‌తో తుడిచి జిడ్డు తీసి, తీగ బ్రష్‌తో తుప్పు రాల్చి, తుప్పు రంగు కావాలనుకుంటే వార్నిష్‌తో అక్కడే ఆపుతారు. పాత సర్క్యూట్ బోర్డుల టంకంలో సీసం ఉంటుంది కనుక వాటిని కాల్చడం, మూసిన గదిలో గీకడం ప్రమాదం.

మ్యూజియంలకు ఈ కళ కొత్త చిక్కు తెచ్చింది. వార్తాపత్రిక కాగితం అందులోని ఆమ్లం వల్ల పసుపెక్కి పెళుసవుతుంది. పేడకు పురుగు పడుతుంది. గౌడ వేపనూనె కలిపి దాన్ని కాపాడే పద్ధతి పాటించారు. బెంగళూరు వానాకాలపు తేమకు రేకు మళ్లీ తుప్పెక్కుతుంది. నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్ బెంగళూరు శాఖ 2009లో, కస్తూర్బా రోడ్డులో మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అండ్ ఫోటోగ్రఫీ 2023లో తెరుచుకున్నాక సేకరణ, సంరక్షణ రెండింటికీ నగరంలో వసతి పెరిగింది. తాళ్లు, దారాలతో చేసిన ఇన్‌స్టలేషన్లకు మాత్రం స్థిరమైన ఆకారమంటూ లేదు. గది ఎత్తును, గోడల కోణాన్ని బట్టి వాటిని ప్రతి ప్రదర్శనకూ కొత్తగా వేలాడదీయాలి.