పడమటి తాలూకాల్లో సైకిలు కాలం

ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్ర గురించి ఏదైనా వ్రాయమని కార్యవర్గం వారు కోరారు. కంభం చెరువు గురించీ, మార్కాపురం చెన్నకేశవస్వామి ఆలయం గురించీ సాధికారంగా వ్రాయగల పెద్దలు మన సంఘంలోనే ఉన్నారు. నేను సర్వీసులో సగం కాలం సైకిలు సీటు మీదే గడిపినవాణ్ణి కనుక సైకిలు గురించి వ్రాస్తాను. శాసనాల్లోనూ కైఫీయత్తుల్లోనూ దాని ఊసు ఉండదు. కాని మార్కాపురం, గిద్దలూరు తాలూకాల్లో ఎవరు హైస్కూలు గడప తొక్కారు, ఎవరు ఉద్యోగం చేయగలిగారు, ఎవరు ఇంటిపట్టున ఉండిపోయారు అన్నది చాలావరకు ఆ ఇంట్లో సైకిలు ఉందా, ఉంటే అది ఎవరి చేతికి వచ్చింది అన్నదాన్ని బట్టి తేలిపోయిన కాలం ఒకటుంది.

మన తాలూకాలు 1970 ఫిబ్రవరి దాకా కర్నూలు జిల్లాలో ఉండేవి. ఆ నెలలో కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరాయి. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. అప్పట్లో ఏ జిల్లాలో ఉన్నా జిల్లా కేంద్రం మనకు దూరాభారంగానే ఉండేది. మీటరుగేజి రైలు దొనకొండ, మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు మీదుగా నంద్యాల వైపు పోయేది. ఆ పట్టాలకు దగ్గరగా ఉన్న ఊళ్ళు అదృష్టవంతమైనవి. ఎర్రగొండపాలెం, దోర్నాల, అర్ధవీడు వంటి నల్లమల అంచు ఊళ్ళవారికి రైలు కూత కూడా వినిపించేది కాదు. రోజుకు ఒకటి రెండు బస్సులు. అవీ కంకర రోడ్డు ఉన్నంతవరకే. ఆపైన బండిబాట. ఎడ్లబండి నిదానం, నడక ఆయాసం. ఈ రెంటికీ నడుమ ఉన్న ఖాళీని పూరించింది సైకిలు.

ఇప్పుడు మనం చూసే రూపంలో, రెండు చక్రాలూ సమానంగా ఉండి, వెనుక చక్రానికి చైను ఉన్న సైకిలు 1885లో ఇంగ్లండులో స్టార్లీ అనే ఆయన ‘రోవర్’ పేరుతో తయారుచేశాడు. మరి మూడేళ్ళకు డన్‌లప్ గాలి టైరు కనిపెట్టాడు. గాలి టైరే లేకపోతే మన గులకరాళ్ళ బాటల మీద సైకిలు తొక్కినవాడి నడుము ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన ఊళ్ళలో కనిపించిన కొద్దిపాటి సైకిళ్ళు చాలావరకు సీమసరుకే. నాటింగ్‌హామ్ నుంచి వచ్చే రాలీ సైకిలంటే ఈనాటి కారుకున్న గౌరవం. తర్వాత స్వదేశీ ఫ్యాక్టరీలు వచ్చాయి. మద్రాసు దగ్గర అంబత్తూరులో టి.ఐ. సైకిల్స్ 1949లో మొదలై హెర్క్యులిస్ తయారుచేసింది. సోనేపత్‌లో అట్లాస్ 1951లో, లూధియానాలో ముంజాల్ సోదరుల హీరో 1956లో వచ్చాయి. బెంగాలులోని ఆసన్‌సోల్‌లో సేన్-రాలీ కంపెనీ రాలీనే ఇక్కడ తయారుచేసింది. అయినా మా నాన్నగారి వంటివారు “ఇది ఒరిజినల్ రాలీ, ఇంగ్లండుది” అని వేలితో ముందు గుర్తును తడిమి చూపించేవారు.

మా నాన్నగారు ఎలిమెంటరీ స్కూలు ఉపాధ్యాయులు. మా ఊరు మార్కాపురానికి ఐదు మైళ్ళు. ఆయన పనిచేసే బడి అటు వైపు కాదు, ఇంకో దిక్కున మూడు మైళ్ళు. 1956లో బదిలీ మీద వెళ్ళిపోతున్న ఒక రెవెన్యూ ఉద్యోగి దగ్గర పాత రాలీ కొన్నారు. 22 అంగుళాల ఫ్రేము, నల్లరంగు, దానిమీద సన్నటి బంగారు గీతలు, రాడ్ బ్రేకులు, తోలు సీటు. ఆదివారం ఉదయం వాకిట్లో దానిని తలకిందులుగా నిలబెట్టి కొబ్బరినూనె గుడ్డతో పుల్ల పుల్లనూ తుడిచేవారు. చక్రం తిప్పి వదిలితే ఎంతసేపు తిరుగుతుందో మేము లెక్కపెట్టేవాళ్ళం. ఊళ్ళో ఎవరికి జబ్బు చేసినా ఆ సైకిలు అడిగేవారు. టెలిగ్రాం వస్తే ఆ సైకిలే, మంత్రసాని కావాలంటే ఆ సైకిలే. లేదనడానికి నాన్నగారికి నోరు వచ్చేది కాదు. తిరిగి వచ్చాక మాత్రం ఒంగి రిమ్ములు చూసుకునేవారు.

సొంత సైకిలు లేనివారికి అద్దె సైకిలు ఉండేది. మార్కాపురంలో నేను చూసిన షాపు ఒక సాయబు గారిది. పది పన్నెండు సైకిళ్ళు, వెనుక మడ్‌గార్డు మీద తెల్లరంగుతో నంబర్లు. గంటకు రెండణాలు, నయాపైసలు వచ్చాక పన్నెండు పైసలు. తెలిసిన ముఖమైతేనే ఇచ్చేవారు. నోటు పుస్తకంలో పేరు, నంబరు, టైము వ్రాసుకునేవారు. ఐదు నిమిషాలు దాటినా అరగంట కట్టేవారని కుర్రకారు గొణుక్కునేవారు గాని, గడియారం లేని మాకు కాలం విలువ మొదట తెలిపింది ఆ షాపే. పిల్లలకని రెండు చిన్న సైకిళ్ళు ఉండేవి. వాటి కోసం ఆదివారాలు వరుసలో నిలబడేవాళ్ళం.

చిన్న సైకిలు దొరకనివాడు పెద్ద సైకిలే నేర్చుకోవాలి. సీటు మన భుజం ఎత్తున ఉంటుంది. ఎడమచేత్తో హ్యాండిలు, కుడిచంక కింద సీటు, కుడికాలు బారు కిందుగా అవతలి పెడలు మీదికి దూర్చి, ఒళ్ళంతా వంకర చేసుకుని సగం సగం తొక్కడమే కత్తెర తొక్కుడు. పెడలు పూర్తిగా తిరగదు. టకటకమని కిందికీ పైకీ ఆడుతుంది. కొన్నాళ్ళకు బారు మీదికి, ఆపైన సీటు మీదికి ప్రమోషను. మోకాలి చిప్ప మీద మచ్చ లేని పెన్షనరు మన సంఘంలో ఎవరైనా ఉన్నారా అని నాకు అనుమానం.

నాకు సైకిలు నేర్పింది మా అక్క. నాకంటే మూడేళ్ళు పెద్దది. కుప్ప నూర్చిన కళ్ళంలో నేను కత్తెర తొక్కుతుంటే వెనుక క్యారియర్ పట్టుకుని పరిగెత్తేది. “ముందుకు చూడరా, చక్రం వంక చూడొద్దు” అనేది. ఎక్కకుండానే దానికి బ్యాలెన్సు సంగతి అంతా తెలుసు. ఒక వెన్నెల రాత్రి నన్ను కాపలా పెట్టి తానే ఎక్కింది. లంగా కుచ్చెళ్ళు నడుముకు దోపుకుని కళ్ళం చుట్టూ రెండు చుట్లు తిరిగింది. ఒక్కసారి కూడా పడలేదు. మూడో చుట్టులో అమ్మ వచ్చింది. “ఆడపిల్లవు, నీకేం పొయ్యేకాలమే!” అని జుట్టు పట్టుకుని ఇంట్లోకి తీసుకుపోయింది. మళ్ళీ అక్క సైకిలు తాకలేదు.

ఆమె ఐదో తరగతి పాసయినప్పుడు హైస్కూలు ఐదు మైళ్ళ దూరమని, ఆడపిల్ల అంతదూరం ఎలా పోతుందని చదువు మాన్పించారు. 1961లో నా వంతు వచ్చింది. దూరం అదే ఐదు మైళ్ళు. నాన్నగారు రాలీని నాకిచ్చి, తాను గొడుగు చంకన పెట్టుకుని మూడు మైళ్ళు నడిచి తన బడికి వెళ్ళడం మొదలుపెట్టారు. అలా ఐదేళ్ళు నడిచారు. ఆయన త్యాగం గురించి మా ఇంట్లో చాలాసార్లు చెప్పుకున్నాం. అదే త్యాగం మూడేళ్ళ ముందు ఎందుకు తోచలేదో మాత్రం ఎవరూ అడగలేదు, అక్కతో సహా.

1965లో అక్క పెళ్ళి. ఆ రోజుల్లో అల్లుడికి సైకిలు, వాచీ, రేడియో పెట్టడం ఆనవాయితీగా ఉండేది. స్తోమతును బట్టి ఒకటో, మూడూనో. బావగారి తరఫువారు సైకిలు అడిగారు. నాన్నగారు అప్పుచేసి కొత్త హెర్క్యులిస్ కొన్నారు. అప్పట్లో రెండు వందల పైచిలుకు, అంటే ఆయన రెండు నెలల జీతం. విడిభాగాలు షాపులో బిగిస్తుంటే నేను పక్కనే కూర్చుని చూశాను. డైనమో లైటు, గంట, హ్యాండిలుకు రంగు కుచ్చులు. అప్పగింతలయ్యాక బండిలో సామాను వెళ్ళింది. నాలుగు రోజుల తర్వాత పండక్కి వచ్చి తిరిగి వెళ్ళేటప్పుడు అక్క క్యారియర్ మీద ఒకవైపు కూర్చుని, బావగారి వెనుక పోయింది. ఆమె పేరున కొన్న సైకిలు మీద ఆమె చోటు అదే.

విషాదం పక్కన పెట్టి ఒక వేడుక సంగతి. మన ఊళ్ళకు నిర్విరామ సైకిలు ప్రదర్శనలు వచ్చేవి, జ్ఞాపకముందా? ఊరిబయట గుంజ పాతి, మైకు కట్టి, ఏడు రోజులు కాలు నేల మోపకుండా తొక్కుతానని ఒకతను దిగేవాడు. తిండి, స్నానం, గడ్డం గీసుకోవడం అన్నీ సైకిలు మీదే. రాత్రి రికార్డు డాన్సులు, పళ్ళతో నీళ్ళ బిందె ఎత్తడం, ట్యూబులైట్లు ఒంటిమీద పగలగొట్టుకోవడం. అర్ధరాత్రి దిగి నిద్రపోతాడని పెద్దలు అనేవారు. మేము నమ్మలేదు. ఆఖరిరోజు అతని మెడలో రూపాయి నోట్ల దండలు, అతని భార్య చేటతో ఇల్లిల్లూ తిరిగి బియ్యం అడగడం గుర్తున్నాయి. ఏడు రోజుల తొక్కుడుకు అసలు ఫలితం ఆ చేటలోని బియ్యమే అని అప్పుడు తెలియలేదు.

1971లో నాకు మలేరియా విభాగంలో నిఘా కార్యకర్తగా ఉద్యోగం వచ్చింది. జాతీయ మలేరియా నిర్మూలన కార్యక్రమం 1958లో మొదలైంది. పదిహేను రోజులకు ఒకసారి ప్రతి ఇంటికీ వెళ్ళాలి. జ్వరమున్నవారి వేలు పొడిచి గాజుపలక మీద రక్తం తీయాలి. క్లోరోక్విన్ మాత్రలు మింగించి, గోడ మీద తేదీ వేయాలి. జీపులు పై అధికారులకు, మాకు సైకిలు. కొనడానికి అడ్వాన్సు ఇచ్చి జీతంలో వాయిదాలుగా కోసుకునేవారు. హ్యాండిలుకు స్లైడుల పెట్టె, క్యారియర్‌కు అన్నం క్యారేజీ. రాచర్ల, అర్ధవీడు వైపు కొండ అంచు పల్లెలు నా వంతు. పోస్టుమాన్, గ్రామసేవకుడు, లైన్‌మాన్, నేను ఒకే చింతచెట్టు కింద అన్నాలు తిన్న రోజులున్నాయి. ప్రభుత్వం పల్లెకు వచ్చిందంటే ఆ చెట్టుకు ఆనించిన నాలుగు సైకిళ్ళే.

మా శత్రువులు రెండు: పల్లేరుకాయ, తుమ్మముల్లు. వేసవిలో కంప కొట్టి బాట మీదుగా ఈడ్చుకుపోతారు; ముళ్ళు రాలి దుమ్ములో కలిసిపోతాయి. ఒకే రోజు నాలుగు పంక్చర్లు వేసుకున్నాను. సంచిలో ఎప్పుడూ ఆకురాయి, సొల్యూషన్, పాతట్యూబు ముక్కలు, రెండు వాల్ ట్యూబులు ఉండాల్సిందే. నీళ్ళు లేనిచోట బుడగ చూడటం ఎలా? ట్యూబును చెంపకు దగ్గరగా పెట్టుకుంటే గాలి తగులుతుంది. మండుటెండలో ఆ సన్నటి గాలి చల్లగా ఉండేది కూడా.

1972లో కైనెటిక్ వారి లూనా, 1980లో టి.వి.ఎస్. 50 వచ్చాయి. మన ఉద్యోగులు ఒక్కొక్కరే వాటికి మారారు. 1983 జనవరి ఎన్నికల్లో సైకిలు గుర్తు గోడగోడకూ ఎక్కింది. చిత్రమేమిటంటే సరిగ్గా ఆ దశకంలోనే ఉద్యోగులు సైకిలు దిగడం మొదలుపెట్టారు. లూధియానా హీరో కంపెనీ 1986లో ప్రపంచంలో అత్యధికంగా సైకిళ్ళు చేసే సంస్థగా గిన్నిస్ బుక్కులోకి ఎక్కేనాటికే ఆ కుటుంబం జపాను హోండాతో కలిసి మోటారుసైకిళ్ళు చేస్తోంది. అట్లాస్ వారి సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న మూతపడింది. ఆరోజు ప్రపంచ సైకిల్ దినోత్సవం.

మరొక కథ ఆలస్యంగా మొదలైంది. తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లాలో 1990ల తొలినాళ్ళలో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా వేలాది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. మన రాష్ట్రంలో 2017 ప్రాంతంలో ‘బడికొస్తా’ పథకం కింద ప్రభుత్వ పాఠశాలల్లో తొమ్మిదో తరగతి బాలికలకు సైకిళ్ళిచ్చారు. అవి బారు లేని సైకిళ్ళు. కత్తెర తొక్కుడు అక్కరలేదు. అప్పుడు బేస్తవారిపేటలో అక్క ఇంటికి వెళ్ళాను. సాయంత్రం బడి వదిలాక అరుగు ముందునుంచి పిల్లలు జట్టుజట్టుగా గంటలు కొట్టుకుంటూ పోతున్నారు. డెబ్బై ఏళ్ళ మనిషి, కాసేపు చూసి, “ఆ చివరి పిల్ల చక్రం వంక చూస్తోందిరా, పడుతుంది” అంది. వెంటనే గట్టిగా కేకేసి ఆ పిల్లకు చెప్పింది కూడా.

ఒక మనవి. ఆ రోజుల్లో సైకిలుకు సాలీనా పన్ను కట్టించుకుని లోహపు బిళ్ళ ఇచ్చేవారు. బిళ్ళ లేకపోతే, రాత్రిపూట లైటు లేకపోతే, ఇద్దరు ఎక్కితే జరిమానా. బిళ్ళ మీద సంవత్సరం, నంబరు ఉండేవి. నా దగ్గర ఒక్కటే మిగిలింది, నాన్నగారి రాలీది. అంకెలు అరిగిపోయి సంవత్సరం తెలియడం లేదు. మన సభ్యుల ఇళ్ళలో, పాత ట్రంకు పెట్టెల్లో అటువంటివి ఉంటే, ఏ ఊరివైనా సరే, వచ్చే సర్వసభ్య సమావేశానికి తీసుకురండి. బల్ల మీద వరుసగా పేర్చి, ఏ ఏడు బిళ్ళ ఏదో పోల్చుకుందాం.