ఒక్క డాలరుతో మొదలైన పద్దు

1915 మార్చి 1 నుంచి అమెరికాలో మార్ఫిన్ చీటీ రాసే డాక్టరుకు పట్టా, హస్తవాసి ఉంటే సరిపోలేదు. పన్నుల కలెక్టరు దగ్గర పేరు రాయించుకోవాలి, ఏడాదికి ఒక డాలరు కట్టాలి. కట్టకుండా నల్లమందు, కొకైన్, వాటి నుంచి తీసిన మందులు ఇస్తే నేరం. కొనాలంటే ట్రెజరీ శాఖ అచ్చువేసిన ఫారం మీదే ఆర్డరివ్వాలి, దాన్ని రెండేళ్లు దాచాలి. హారిసన్ చట్టమంటే ఇదే. ప్రెసిడెంట్ విల్సన్ దీని మీద సంతకం పెట్టింది అంతకుముందు డిసెంబరు 17న.

మందుల సంగతి పన్నుల శాఖకెందుకు? వైద్యవృత్తి మీద పెత్తనం రాష్ట్రాలది, కేంద్రం అందులో వేలు పెట్టడానికి రాజ్యాంగం ఒప్పుకోదన్నది అప్పటి మాట. పన్ను వేసే హక్కు మాత్రం ఉంది. ఆ దొడ్డిదారిన వచ్చారు. అవసరమూ అలాగే ఉంది మరి. అంతకుముందు పళ్లొచ్చే పసిపిల్లల ఏడుపు మాన్పించే సిరప్‌లోనే మార్ఫిన్ ఉండేది. 1898లో బేయర్ కంపెనీ హెరాయిన్‌ను దగ్గు మందుగా అమ్మకానికి పెట్టింది.

డాలరు కట్టినవాళ్లు నిశ్చింతగా ఉన్నారా అంటే, లేరు. స్పొకేన్ పట్టణంలో చార్లెస్ లిండర్ అనే డాక్టరు పేరు రిజిస్టరులో ఉంది. 1922లో ఐడా కేసీ అనే ఆవిడ వస్తే నాలుగు బిళ్లలిచ్చాడు: ఒకటి మార్ఫిన్, మూడు కొకైన్. ఆవిడ ప్రభుత్వం పంపిన వేగు. ఆ నాలుగు బిళ్లలకే లిండర్‌కు శిక్ష పడింది. అంతకు మూడేళ్ల ముందే, వ్యసనపరుడి అలవాటు సాగడానికి రాసే చీటీ వైద్యమే కాదని సుప్రీంకోర్టు వెబ్ కేసులో తేల్చింది. 1925లో అదే కోర్టు ఏకగ్రీవంగా లిండర్ శిక్షను కొట్టేసింది. ఏది వైద్యమో, ఏది వ్యాపారమో పన్ను గుమస్తా తేల్చే రోజులవి. వ్యాపారి పద్దు పుస్తకాన్ని తెచ్చి రోగి మంచం పక్కన పెట్టడమే అసలు పొరపాటని నాకనిపిస్తుంది.

1970లో నిక్సన్ సంతకంతో వచ్చిన నియంత్రిత ఔషధాల చట్టం పన్ను ముసుగు తీసేసి, మందులను ఐదు షెడ్యూళ్లుగా విడదీసింది. 1973లో ఆ చట్టాన్ని అమలు చేసే డీఈఏ పుట్టింది. ఆ ఏజెన్సీ డాక్టరుకిచ్చే నంబరులో రెండు అక్షరాలు, ఏడు అంకెలు ఉంటాయి. రెండో అక్షరం సాధారణంగా ఇంటిపేరు మొదటిది. రెడ్డిగారైతే ‘ఆర్’, రావుగారైనా ‘ఆర్’ అన్నమాట. దొంగ చీటీ పట్టడానికి ఫార్మసీవాళ్లకో చిట్కా ఉంది. ఒకటి, మూడు, ఐదు అంకెలు కూడాలి. రెండు, నాలుగు, ఆరు అంకెలు కూడి రెట్టించి, దానికి కలపాలి. మొత్తంలో చివరి అంకె ఏడో అంకెతో సరిపోవాలి. 1234563 తీసుకోండి: తొమ్మిదికి ఇరవైనాలుగు కలిపితే ముప్పైమూడు, చివర మూడు. సరిపోయింది.

రికార్డులను రెండేళ్లు దాచాలన్న 1915 నాటి లెక్క ఇంకా నడుస్తూనే ఉంది. గడువు మాత్రం మారింది: డాక్టర్లకు మూడేళ్లకోసారి డీఈఏ నంబరు రెన్యువల్. దానికి రాష్ట్ర లైసెన్సే పునాది. అది పోతే ఇదీ నిలవదు. మన తెలుగు డాక్టర్లు రెసిడెన్సీ ఒక రాష్ట్రంలో, ఉద్యోగం ఇంకో రాష్ట్రంలో చేస్తారు కాబట్టి కొత్తచోటికి మళ్లీ కాగితాలు పెట్టుకోక తప్పదు. 2023 జూన్ నుంచి వ్యసన చికిత్స మీద ఒకసారి 8 గంటల శిక్షణ పొందినట్టు కూడా చూపాలి.

గడువు తప్పితే పాత నంబరునే తిరిగి తెచ్చుకోవడానికి ఒక నెల వెసులుబాటు ఉంది. చాలామంది దీన్ని అదనపు గడువనుకుంటారు, కాదు. ఆ నెలలో కూడా చీటీ రాయడానికి వీల్లేదు. నెల దాటితే కొత్తగా దరఖాస్తు చేసుకోవాలి. 2020 అక్టోబరు నుంచి మూడేళ్లకు రుసుము 888 డాలర్లు.