వంక పెట్టలేని వీడియో గేమ్స్.. లోపాలున్నా గేమర్లు వీటికే ఎందుకు ఓటేస్తారు?

చందమామకైనా మచ్చ తప్పదంటారు. మరి వీడియో గేమ్స్ సంగతి? 'వంక పెట్టడానికి ఇందులో ఏమీ లేదు' అని ఆడేవాళ్లు ఏళ్ల తరబడి చెప్పుకునే గేమ్స్ కొన్ని ఉన్నాయి. గ్రాఫిక్స్ ఎంత మారినా, కొత్త గేమ్స్ ఎన్ని వచ్చినా ఈ చర్చ వచ్చిన ప్రతిసారీ టెట్రిస్, సూపర్ మారియో బ్రదర్స్, జెల్డా, పోర్టల్ పేర్లు వినిపిస్తూనే ఉంటాయి. విచిత్రం ఏంటంటే.. వీటిలో ఒక్కటి కూడా నిజంగా తప్పుల్లేని గేమ్ కాదు. మరి అంత పేరు ఎందుకొచ్చింది? ఒక్కొక్కటిగా చూద్దాం.

టెట్రిస్: ఏడు ముక్కలు.. అంతే!

1984లో మాస్కోలోని సోవియట్ సైన్స్ అకాడమీ కంప్యూటర్ సెంటర్‌లో పనిచేస్తున్న అలెక్సీ పజిత్నోవ్ ఈ గేమ్ తయారుచేశారు. ఆయన వాడిన ఎలక్ట్రోనికా 60 కంప్యూటర్‌లో బొమ్మలు గీసే సదుపాయమే లేదు. అందుకే బ్రాకెట్ గుర్తులను పక్కపక్కన పేర్చి ముక్కలుగా చూపించారు. నాలుగేసి గడులతో కుదిరే ఆకారాలు మొత్తం ఏడే. పైనుంచి పడే ముక్కను తిప్పాలి, జరపాలి, వరుస నింపాలి. నిండిన వరుస మాయమవుతుంది. రూల్స్ ఇంతే. ఎవరికైనా అర నిమిషంలో అర్థమైపోతుంది. 90లలో మన దగ్గర చాలా ఇళ్లలో కనిపించిన చేతి 'బ్రిక్ గేమ్' కూడా దీని నకలే.

ఇందులో తీసేయడానికి ఏమీ లేదు, కొత్తగా కలపడానికీ ఏమీ లేదు. గేమర్లు దీన్ని నెత్తిన పెట్టుకోవడానికి కారణం అదే. కానీ లోపం మాత్రం ఉంది. 1989లో నింటెండో ఎన్ఈఎస్ కోసం వచ్చిన వెర్షన్‌లో 29వ లెవెల్ నుంచి ముక్కలు మరీ వేగంగా పడతాయి. బటన్ నొక్కి పట్టుకుంటే ముక్క అంచుకు చేరేలోపే కింద పడిపోతుంది. గేమ్ అక్కడితో అయిపోయినట్టేనని చాలా ఏళ్లు అనుకున్నారు. తర్వాత కంట్రోలర్ వెనుక వేళ్లతో దరువు వేస్తూ బటన్‌ను వేగంగా నొక్కే పద్ధతి కనిపెట్టారు. 2023 డిసెంబర్‌లో అమెరికాలోని ఓక్లహోమాకు చెందిన 13 ఏళ్ల బాలుడు 157వ లెవెల్ దాకా వెళ్లాడు. అక్కడ ప్రోగ్రామ్ తట్టుకోలేక స్క్రీన్ ఫ్రీజ్ అయిపోయింది. ఒక మనిషి ఆడి గేమ్‌ను ఆ స్థితికి తీసుకురావడం అదే మొదటిసారి. అలా ప్రోగ్రామ్‌లోని లోపమే గేమర్లకు ఎక్కాల్సిన శిఖరంగా మారింది.

సూపర్ మారియో: పాఠం చెప్పకుండానే నేర్పిస్తుంది

1985లో జపాన్‌లో వచ్చిన ఈ గేమ్ సైజు కేవలం 40 కిలోబైట్లు. ఇప్పుడు ఫోన్‌లో తీసే ఒక్క ఫొటో కూడా దీనికంటే చాలా పెద్దది. చోటు చాలక మేఘానికి, పొదకు ఒకే బొమ్మ వాడి రంగు మాత్రం మార్చారు. టీవీకి తగిలించి 'క్యాసెట్' పెట్టి ఆడిన 90ల పిల్లలకు ఇది బాగా గుర్తుంటుంది.

దీని గొప్పతనం మొదటి లెవెల్‌లోనే ఉంది. మారియో స్క్రీన్‌కు ఎడమ వైపు నిలబడి ఉంటాడు, కుడి వైపు అంతా ఖాళీ. ఎటు వెళ్లాలో ఎవరూ చెప్పక్కర్లేదు. కాసేపటికే ఎదురుగా ఒక శత్రువు వస్తుంది. ఎగరకపోతే పోతారు. పోయినా నష్టం కొన్ని సెకన్లే. తర్వాత బాక్స్‌లోంచి పుట్టగొడుగు బయటికొస్తుంది, పైపుకు తగిలి వెనక్కి తిరిగి మారియో వైపే వస్తుంది. పైన ఇటుకలు ఉండటంతో తప్పించుకోవడం కష్టం. అది తగలగానే మారియో పెద్దవాడవుతాడు. ఇది మంచిదేనని అప్పుడు తెలుస్తుంది. ఇదంతా కావాలనే అలా అమర్చామని దీన్ని రూపొందించిన షిగెరు మియమోటో తర్వాత వివరించారు.

ఇక లోపం సంగతి.. ఒక చోట గోడలోంచి దూరి వెళ్తే ఎప్పటికీ ముగియని నీటి లెవెల్‌లో ఇరుక్కుంటారు. పిల్లలు దీన్ని తప్పు అనుకోలేదు, రహస్యం దొరికిందని సంబరపడ్డారు.

జెల్డా: 99 మార్కులు.. కానీ ఆ బూట్లు!

1998లో నింటెండో 64 కోసం వచ్చిన 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా: ఒకరీనా ఆఫ్ టైమ్'కు మెటాక్రిటిక్ సైట్‌లో 100కు 99 వచ్చాయి. జపాన్ గేమ్ పత్రిక ఫామిట్సు 40కి 40 ఇచ్చింది. ఆ పత్రిక చరిత్రలో అలా ఫుల్ మార్కులు కొట్టిన మొదటి గేమ్ ఇదే. త్రీడీలో ఫైట్ చేస్తుంటే శత్రువు ఎటు పోయాడో తెలియని సమస్య అప్పట్లో ఉండేది. ఒక బటన్‌తో చూపును శత్రువు మీదే నిలిపే పద్ధతిని జెల్డా చక్కగా కుదిర్చింది. తర్వాత వచ్చిన ఎన్నో యాక్షన్ గేమ్స్ అదే దారిలో నడిచాయి.

అయినా ఫ్యాన్స్‌కు ఒక కంప్లయింట్ మిగిలింది. నీటి గుడిలో ఇనుప బూట్లు వేసుకుంటే మునుగుతారు, విప్పితే తేలుతారు. వేసిన ప్రతిసారీ, విప్పిన ప్రతిసారీ గేమ్ ఆపి మెనూలోకి వెళ్లాల్సిందే. 2011లో వచ్చిన 3డీఎస్ వెర్షన్‌లో ఈ చిరాకును తీసేశారు. మరోవైపు స్పీడ్‌రన్నర్లు ఇందులోని బగ్స్ వాడుకుని గేమ్‌ను 4 నిమిషాల లోపే ముగించేస్తున్నారు.

పోర్టల్: సాగదీయదు

2007లో వాల్వ్ కంపెనీ 'ది ఆరెంజ్ బాక్స్' ప్యాక్‌లో ఈ గేమ్‌ను కూడా కలిపి ఇచ్చింది. దీని మూలం అమెరికాలోని డిజిపెన్ కాలేజీ విద్యార్థుల ప్రాజెక్ట్. చేతిలో ఉండే పరికరం ఒక్కటే. ఒక గోడకు నీలం ద్వారం, ఇంకో గోడకు నారింజ ద్వారం పెడితే, ఇందులో దూరి అందులోంచి బయటపడొచ్చు. ఒక్కో గదిలో ఒక్కో కొత్త కిటుకు నేర్పి, తర్వాత వాటిని కలిపి పరీక్ష పెడుతుంది.

తయారీ సమయంలో బయటివాళ్లతో ఆడించి చూశారు. ఒక గదిలో చివరి దాకా వెంట తీసుకెళ్లాల్సిన పెట్టెను చాలామంది వదిలేసి వెళ్లిపోయేవారట. దాంతో ఆ పెట్టె మీద గుండె బొమ్మ వేసి, 'ఇది నీ తోడు' అని గేమ్‌లోని గొంతుతో చెప్పించారు. ఆ పెట్టే తర్వాత ఫ్యాన్స్‌కు ఫేవరెట్ అయింది. మూడు నాలుగు గంటల్లో అయిపోతుందన్నదే దీనిపై వచ్చిన పెద్ద విమర్శ. కానీ వంక పెట్టలేని గేమ్ అనేవాళ్లు చెప్పే కారణం కూడా అదే. చెప్పాల్సింది చెప్పేసి ఆగిపోయింది.

మరి అసలు తేడా ఎక్కడ?

పాత గేమ్స్‌ను ఒకసారి చిప్‌లోకి ఎక్కిస్తే మార్చే వీలుండేది కాదు. ఇప్పుడు అప్‌డేట్ ఉందనే ధీమాతో సగం ఉడికిన గేమ్స్ కూడా వచ్చేస్తున్నాయి. 2020 డిసెంబర్‌లో వచ్చిన సైబర్‌పంక్ 2077లో బగ్స్ ఎక్కువై, సోనీ దాన్ని ప్లేస్టేషన్ స్టోర్ నుంచే తీసేసి డబ్బులు వాపస్ ఇచ్చింది. 2021 జూన్‌లో గానీ మళ్లీ స్టోర్‌లోకి రాలేదు. ఆ తర్వాతి అప్‌డేట్స్‌తో గేమ్ బాగుపడి మంచి పేరే తెచ్చుకుంది. కానీ మొదటి రోజు డబ్బు పెట్టి కొన్నవాళ్ల చిరాకును ఏ అప్‌డేట్ తీరుస్తుంది?

పై నాలుగు గేమ్స్‌లోనూ బగ్స్ ఉన్నాయి, లేదా విమర్శలు వచ్చాయి. కానీ ఏదీ ఆడేవాళ్ల టైమ్‌ను వృథా చేయదు. ఓడిపోతే తప్పు గేమ్‌ది కాదు, మనదే అనిపిస్తుంది. అందుకే 'ఇంకోసారి' అంటారు.

మీ ఫోన్‌లోని గేమ్‌కు ఇదే పరీక్ష

2014లో వచ్చిన మొబైల్ గేమ్ మాన్యుమెంట్ వ్యాలీకి పది అధ్యాయాలే. ఆ ఏడాదే కొత్త లెవెల్స్‌కు విడిగా డబ్బు అడిగారని కొందరు దానికి ఒక్క స్టార్ రేటింగ్ ఇచ్చారు. మిగతావాళ్లు మాత్రం యాడ్స్ లేని గేమ్‌కు ఆ ధర న్యాయమే అన్నారు. కాబట్టి రేటింగ్ ఒక్కటే చూస్తే చాలదు. కొత్త గేమ్ డౌన్‌లోడ్ చేశాక ఈ మూడు విషయాలు గమనించండి. చదవకుండానే ఆట అర్థమైందా? ఓడిపోయినప్పుడు కారణం తెలిసిందా? యాడ్ చూస్తేనో, డబ్బు కడితేనో తప్ప ముందుకు కదలనివ్వని చోటు ఉందా? మొదటి రెండింటికి అవును, మూడోదానికి కాదు అని జవాబు వస్తే.. ఆ గేమ్‌ను ఫోన్‌లో ఉంచుకోవచ్చు.