బారామహలు కొండలు: మన ముంగిటి చరిత్ర

హొసూరు, కృష్ణగిరి సీమలలో స్థిరపడిన మన తెలుగు కుటుంబములవారు సెలవులు వచ్చినంతనే తిరుపతికో, మైసూరునకో, ఉదకమండలమునకో పయనమగుదురు. ఇంటి ముంగిట నిలిచిన కొండలను మాత్రము కన్నెత్తి చూడరు. ఈ కొండలలో చూడదగినవేవో, వాని వెనుకనున్న చరిత్ర యెట్టిదో సంగ్రహముగా మనవి చేయుట మా యుద్దేశము.

హొసూరనగా కన్నడమున క్రొత్త యూరు. సముద్రమట్టమునకు దాదాపు 2,900 అడుగుల యెత్తున నున్న ఈ పట్టణమునకు చంద్రచూడేశ్వరుని కొండయే శిరోభూషణము. ఫాల్గుణమాసమున జరుగు రథోత్సవమునకు తెలుగు, తమిళ, కన్నడ కుటుంబములవారు కలిసి వచ్చుచుందురు. కనుమలకు ఎగువనున్న ఈ సీమకు బాలాఘాటనియు, దిగువనున్న కృష్ణగిరి ప్రాంతమునకు బారామహలనియు పేళ్లు.

ప్రాచీనతలో ఈ నేల దేనికిని తీసిపోదు. మల్లచంద్రము కొండపై పెద్ద రాతిపలకలతో కట్టిన సమాధిగృహములు నేటికిని కానవచ్చును. ప్రజలు వానిని పాండవుల యిండ్లందురు గాని, అవి ఇనుపయుగమునాటివి. కృష్ణగిరి జిల్లాలోని మయిలాడుంపారై త్రవ్వకములలో ఇనుము క్రీ.పూ. 2172 నాటికే వాడుకలో నుండెనని 2022లో ప్రకటింపబడినది.

విజయనగరరాజుల కడపటి కాలమున, పెనుగొండను శత్రువులనుండి కాపాడిన జగదేవరాయలకు ఈ సీమ లభించెను. అతడు చెన్నపట్టణము రాజధానిగా నేలెను. బారామహలను పేరు పండ్రెండు దుర్గములనుబట్టి వచ్చినదని పెద్దలు చెప్పుదురు. పిమ్మట నిది హైదరాలీ, టిప్పుసుల్తానుల వశమయ్యెను. 1791 జూలైలో రాయకోట ఆంగ్లేయుల చేజిక్కినది. అదే సంవత్సరము నవంబరులో వారు కృష్ణగిరి దుర్గముపై దాడి చేసి, కోటను గెలువజాలక వెనుదిరిగిరి. నున్నని నల్లరాతి కొండను ఒక్కమారు ఎక్కి చూచినవారికి అందులకు కారణము వేఱుగ చెప్పనక్కఱలేదు.

1792 నాటి శ్రీరంగపట్టణపు సంధిచే బారామహలు కుంపినీవారికి సంక్రమించెను. కలెక్టరు అలెగ్జాండరు రీడు, అతని సహాయకుడు థామస్ మన్రో ఇచ్చట పొలములను కొలిపించి, రైతుతో నేరుగా శిస్తు నిర్ణయించు పద్ధతికి పునాది వేసిరి. అదియే పిదప రైతువారీ పద్ధతి యను పేర ప్రసిద్ధి కెక్కెను. తిరుమలలో మన్రో గంగాళమును గూర్చి వినని తెలుగువారుండరు. ఆ మన్రో భూమి పన్నుల వ్యవహారము నేర్చినది మన కొండల నడుమనే యని ఎందఱెఱుగుదురు?

హొసూరునకు చేరువనే తొరపల్లిలో 1878లో రాజాజీ జన్మించిరి. ఆ యిల్లు స్మారకమందిరముగా నున్నది. దెంకణికోట బేటరాయస్వామి యాలయము, చల్లని తళి గ్రామము, కృష్ణగిరి జలాశయము ఒక్కొక్క దినమున చూచి రాదగినవి. కోట లెక్కువారు రాయి కాగకమునుపే, వేకువనే, మంచినీళ్లతో బయలుదేరవలెను. 2014లో ఉత్తర కావేరి వన్యప్రాణి రక్షణాలయముగా ప్రకటింపబడిన అడవులలో ఏనుగులు తిరుగుచుండును గనుక అటవీశాఖవారి యనుమతి లేనిదే ప్రవేశింపరాదు.

ఇంతకును మా విన్నపమొకటి. 1956లో భాషాప్రయుక్త రాష్ట్రము లేర్పడినపుడు హొసూరు మదరాసు రాష్ట్రముననే నిలిచెను. 2006 నాటి చట్టముచే పాఠశాలలలో తమిళము నిర్బంధమైనది. ఉన్నచోటి భాష నేర్చుట మేలే. కాని ఇంట తెలుగు మాటలాడుచు, తెలుగక్షరము చదువలేని బిడ్డలు మనలో పెరుగుచున్నారు. ఇంకొకవంక రాతిగనులు కొండలను కబళించుచున్నవి. కొండ పోయిన దానితోడి కథయు పోవును. అక్షరము పోయిన ఆ కథను వ్రాయువారును లేకపోదురు.

కావున ఏటికొక్క కొండనైనను పిల్లలతో నెక్కుదము. దాని కథను ఇంటి పెద్దలచేత చెప్పింతము. ఇల్లు చేరిన పిమ్మట ఆ కథను పది పంక్తులలో తెలుగున పిల్లలచేత వ్రాయింతము. ఇందులకు కావలసినది ధనము కాదు, ఒక్క సెలవు దినము మాత్రమే.