రామప్ప గుడి: కట్టించినవాడు, కట్టినవాడు

మన దేశమున దేవాలయములకు పేర్లు సామాన్యముగా మూడు విధముల వచ్చుచుండును. వేల్పు పేరు గాని, ఊరి పేరు గాని, ప్రతిష్ఠించిన ప్రభువు పేరు గాని గుడికి నిలుచును. రాళ్లు చెక్కినవాని పేరు నిలుచుట మిక్కిలి యరుదు. ఓరుగల్లునకు ఈశాన్యమున, ములుగు జిల్లా పాలంపేటలో నున్న గుడిని మాత్రము జనులు రామప్ప గుడి యందురు. రామప్ప యెవరని యడిగినచో, దానిని చెక్కిన శిల్పి యని బదులు చెప్పుదురు. ఈ మాట యెంతవరకు నిలుచునో నేడు విచారింతము.

మొదట శాసనము చెప్పునది వినవలెను. గుడి ప్రాంగణమున నొక సంస్కృత శాసనము కలదు. శక సంవత్సరము 1135, అనగా క్రీస్తుశకము 1213లో, కాకతి గణపతిదేవుని సేనాని యగు రేచర్ల రుద్రుడు ఇచ్చట రుద్రేశ్వరుని ప్రతిష్ఠించెనని దానివలన తెలియుచున్నది. గణపతిదేవుడు యాదవుల చెరలో నున్న కాలమున రాజ్యము చెదరిపోకుండ కాపాడిన వీరు డీతడే. శాసనములో దాత కలడు, వాని వంశము కలదు, దేవుడు కలడు. శిల్పి యగు రామప్ప లేడు. ఇచ్చటి స్వామిని పిమ్మట జనులు రామలింగేశ్వరు డనిరి గావున, రామప్ప యనునది యా నామమునకే మారురూప మని తలచువారును కలరు. ఈ పక్షము తోసివేయదగినది కాదు.

ఇక రాతిపని చూతము. ఎత్తయిన నక్షత్రాకారపు పీఠముపై ఎఱ్ఱని యిసుకరాతి గోడలు లేచినవి. రంగమంటపపు స్తంభములును, చూరు క్రింది బొమ్మలును గట్టి నల్లరాతివి. మూడు ద్వారముల కడ, స్తంభముల తలల నుండి చూరునకు ఏటవాలుగా నిలిచిన మదనికలు జగత్ప్రసిద్ధములు. ఒకతె నాట్యమాడుచున్నది. ఒకతె మేనిపై పాములను దాల్చినది. మఱియొకతె పాదమున ముల్లు నాటగా, దానిని వేఱొకరు తీయుచున్నారు. వేటకత్తె కాలికి ఎత్తుమడమల పాదరక్ష కలదు. ఎండ వ్రాలినప్పుడు ఆ నల్లరాతి నునుపు అద్దమువలె మెఱయును. హారములలోని యొక్కొక్క పూస వెనుకను ఉలి దూరి వచ్చినట్లు తోచును.

ఇంతటి పనిని చూచినవారు కథలు చెప్పకుండ నుండలేరు. స్తంభము ప్రక్క మురళీకృష్ణుని బొమ్మను మీటిన స్వరములు పలుకు నందురు. శిఖరమున వాడిన యిటుకలు నీటిపై తేలు నందురు. ఈ రెండవది కథ కాదు, నిజము. పునాది గోతిని ఇసుకతో నింపి దానిపై కట్టిన గుడికి పైభారము తగ్గింపవలెనని, బోలుబోలుగా కాల్చిన తేలిక యిటుకలను శిఖరమునకు వాడిరి. పామరుల మాట యని మనము నవ్వినచోట పనివాని యెఱుక దాగియుండుట యిట్లు కలదు.

అట్లని పండితుల మాట లన్నియు నిజములు కావు. జాయప సేనాని రచించిన నృత్తరత్నావళిని చూచి యీ నర్తకులను చెక్కి రని పెక్కురు చెప్పుదురు. ఆ గ్రంథము పుట్టినది 1253-54 ప్రాంతమున. గుడి శాసనము 1213 నాటిది. నలువది యేండ్ల తరువాతి పుస్తకమును శిల్పి యెట్లు చూచును? జాయపకు ముందే యా యడుగులు ఈ నేలపై ఆడబడుచుండె ననియే యీ రాళ్లు చెప్పుచున్నవి. ఇరువదవ శతాబ్దమున నటరాజ రామకృష్ణగారు పేరిణిని మరల నిలుపునపుడు ఆ గ్రంథమును, ఈ శిల్పములను రెంటిని ఆధారము చేసికొనిరి.

ఇక రామప్ప మాట. నేను బడిపంతులుగా నున్న దినములలో పరీక్షయందు "పాలంపేట గుడిని ఎవరు కట్టిరి?" అని యొక ప్రశ్న యిచ్చితిని. ఒక పిల్లవాడు "రామప్ప కట్టెను" అని వ్రాసెను. నేను ఎఱ్ఱసిరాతో కొట్టివేసి, ప్రక్కన "రేచర్ల రుద్రుడు" అని వ్రాసి, సున్న వేసితిని. మఱునాడు వాని తండ్రి బడికి వచ్చెను. తిరుగళ్లకును రోళ్లకును గంట్లు పెట్టి బ్రతుకువా డాతడు. ఆ కాగితమును నా ముందు పెట్టి, మెల్లగా, "పంతులుసారూ, రుద్రయ్య కట్టిండా, కట్టించిండా?" అని యడిగెను.

కట్టుట, కట్టించుట యను రెంటికి గల భేదమును ప్రతి సంవత్సరమును పిల్లలకు బోధించినవాడను నేను. ప్రేరణార్థకమునకు చిన్నయసూరి వ్యాకరణమునుండి సూత్రములు వల్లించినవాడను. ఆ సూత్రము నా ప్రశ్నలోనే తప్పినదని రాయి కొట్టువాడు చూపవలసి వచ్చెను. నేనడిగినది కట్టినవానిని, సరియని తలచినది కట్టించినవానిని. ఆ తండ్రి యెదుటనే సున్నను కొట్టివేసి మార్కు వేసితిని. అతడు నమస్కరించి వెడలిపోయెను. ఆ నమస్కారము నాకు చాల కాలము బరువుగా నుండెను.

దీనివలన రామప్ప యను శిల్పి యుండెనని సిద్ధించినదా? లేదు. శాసనసాక్ష్యము లేనిదానిని చరిత్ర యని చెప్పరాదు, నేనును చెప్పను. కాని రుద్రుని శాసనము కన్నుల యెదుట నుండగనే, జనులు ప్రభువు పేరు వదలి, పనివాని దని తాము నమ్మిన పేరునే గుడికి నిలుపుకొనిరి. ఉలి పట్టినవారు వందలు. వారి పేర్లు వ్రాసినవారు లేరు. ఆ పేరులేని వారందఱికిని కలిపి జనులిచ్చిన యొక్క పేరు రామప్ప యని నాకు తోచుచున్నది.

2021 జులై 25న యునెస్కోవారు దీనిని ప్రపంచ వారసత్వ స్థానముగా ప్రకటించినప్పుడు రుద్రేశ్వర నామమును వ్రాసి, ప్రక్కన రామప్ప పేరును చేర్చిరి. రెండును ఉండుట న్యాయము. మీలో పాలంపేటకు వెళ్లువారు మొదట శాసనము కడ నిలిచి కట్టించినవానిని తలచుకొనుడు. పిమ్మట చూరు క్రింద నిలిచి తల యెత్తి చూడుడు. పిల్లలు వెంట నున్నచో, ఎవరు కట్టించిరి, ఎవరు కట్టిరి యని రెండు ప్రశ్నలును వేఱువేఱుగ నడుగుడు.