చార్మినార్ గడియారం నుండి స్వయంచాలక కోడ్ ఉత్పాదన వరకు: హైదరాబాదు నియంత్రణ వ్యవస్థల చరిత్ర - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
యంత్రాల లోపల అమర్చే చిన్న కంప్యూటర్లను అంతర్నిహిత నియంత్రకాలు లేదా ఎంబెడెడ్ కంట్రోలర్లు అంటారు. వీటిని నడిపే ప్రోగ్రామును ఒకప్పుడు మనిషి అక్షరమక్షరం రాసేవాడు. నేడు గణిత నమూనా చిత్రం నుండి కోడ్‌ను సాఫ్ట్‌వేరే పుట్టిస్తున్నది. ఈ మార్పును హైదరాబాదు పాతబస్తీ, దాని పరిసరాలలోని సంస్థల చరిత్ర నేపథ్యంలో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. రాసే శ్రమ తగ్గినంత మాత్రాన సరిచూసే బాధ్యత తగ్గదని, పనిముట్టుపై అధికారం ఎవరిదన్న ప్రశ్న అప్పుడే మొదలవుతుందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: చార్మినార్, కంచన్‌బాగ్, ఈసీఐఎల్, అంతర్నిహిత నియంత్రకం, స్వయంచాలక కోడ్ ఉత్పాదన, సాంకేతిక స్వావలంబన.

1. ప్రవేశిక:
మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1591లో నిర్మించిన చార్మినార్‌కు నాలుగు వైపులా కనిపించే గడియారాలు కట్టడంతో పాటు పుట్టినవి కావు. అవి 1889లో వచ్చి చేరాయి. ఆ కాలపు యాంత్రిక గడియారాన్ని నియంత్రణశాస్త్ర దృష్టితో చూస్తే అది ఒక సంపూర్ణ నియంత్రకం. శక్తినిచ్చేది ఒక భాగం, లయను నిర్ణయించేది మరొక భాగం, ఆ లయను ముళ్ళకు అందించేది పళ్ళచక్రాల వరుస. ఏ చక్రానికి ఎన్ని పళ్ళుండాలన్న లెక్కే ఆ యంత్రపు 'ప్రోగ్రాము'. రూపకర్త గీసిన చిత్రానికి, లోహంలో తయారైన చక్రానికి నడుమ పనివాని చేయి ఉండేది. చిత్రం సరైనదే అయినా ఒక పన్ను తప్పితే కాలమే తప్పుతుంది.

రూపకల్పనకు, అమలుకు మధ్యనున్న ఈ ఎడం నియంత్రణ వ్యవస్థల చరిత్రలో మొదటినుంచీ ఉన్న సమస్య. స్వయంచాలక కోడ్ ఉత్పాదన పరికరాలు ఈ ఎడాన్ని పూడ్చడానికే పుట్టాయి. అవి దానిని ఎంతవరకు పూడ్చాయి? ఎక్కడ కొత్త ఎడాన్ని తెచ్చాయి? హైదరాబాదు అనుభవం ఈ ప్రశ్నలకు కొంత సమాధానమిస్తుంది.

2. చేతిరాత కాలం:
భారత ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ (ఈసీఐఎల్) 1967లో హైదరాబాదులో ఏర్పడింది. పశ్చిమగోదావరి జిల్లా మోగల్లులో జన్మించిన అయ్యగారి సాంబశివరావు దాని వ్యవస్థాపక సారథి. ట్రాంబేలోని అణుపరిశోధన కేంద్రపు ఎలక్ట్రానిక్స్ విభాగంలో పెరిగిన నైపుణ్యమే ఈ సంస్థకు పునాది. ట్రాంబే పేరు మీదుగా వచ్చిన టీడీసీ-12 కంప్యూటర్ 1969 నాటిది. తరువాత 1974లో టీడీసీ-312, 1975లో టీడీసీ-316, 1978లో మైక్రోప్రాసెసర్ ఆధారిత మైక్రో-78 వెలువడ్డాయి. అణు విద్యుత్ కేంద్రాలకు కావలసిన నియంత్రణ పరికరాల తయారీ ఈ సంస్థ ప్రధాన కార్యాలలో ఒకటి.

ఆ తరం నియంత్రణ కంప్యూటర్లలో జ్ఞాపకశక్తి బహు స్వల్పం. టీడీసీ-12లో ఒక పదానికి 12 బిట్లు మాత్రమే. అంటే ఒక పదంలో ఇమిడే భిన్న విలువలు 4096. నియంత్రణ సమీకరణంలోని ప్రతి రాశిని ఈ హద్దులో ఇమిడ్చి, ప్రతి ఆదేశాన్ని లెక్కపెట్టుకొని ప్రోగ్రాము రాయవలసి వచ్చేది. ఈ పద్ధతి శ్రమతో కూడినదే గాని దానిలో ఒక గుణముంది. రాసినవానికి ప్రతి వాక్యానికి కారణం తెలుసు.

ఈసీఐఎల్ 1979లో నమూనా రూపొందించిన ఎలక్ట్రానిక్ ఓటింగు యంత్రం సామాన్యునికి అత్యంత సన్నిహితమైన అంతర్నిహిత నియంత్రకం. 2004 లోక్‌సభ ఎన్నికలలో దేశమంతటా ఈ యంత్రాలనే వినియోగించారు. చార్మినార్ ఓటరు మీట నొక్కినప్పుడు స్పందించేది కూడా ఒక చిప్‌లో స్థిరపరచిన చిన్న ప్రోగ్రామే. ఆ ప్రోగ్రామును ఎవరు రాశారు, ఎవరు సరిచూశారు అన్నది ఇంజనీరింగ్ ప్రశ్నతో పాటు పౌరసమాజపు ప్రశ్న కూడా అయింది. నియంత్రకపు కోడ్ ప్రజావిశ్వాసంతో ముడిపడుతుందనడానికి ఇంతకన్న స్పష్టమైన నిదర్శనం అరుదు.

3. కంచన్‌బాగ్: ఇద్దరు నిపుణుల నడుమ ఎడం:
చార్మినార్‌కు ఆగ్నేయంగా కొద్ది కిలోమీటర్ల దూరంలోని కంచన్‌బాగ్ రక్షణ పరిశోధనకు కేంద్రమైంది. రక్షణ పరిశోధన అభివృద్ధి ప్రయోగశాల (డీఆర్‌డీఎల్) 1962లో ఢిల్లీ నుండి హైదరాబాదుకు తరలివచ్చింది. భారత్ డైనమిక్స్ 1970లో, మిశ్రధాతు నిగమ్ 1973లో స్థాపితమయ్యాయి. 1983లో సమీకృత క్షిపణి అభివృద్ధి కార్యక్రమం మంజూరైంది. దాని ఫలంగా 1988 ఫిబ్రవరి 25న పృథ్వి, 1989 మే 22న అగ్ని తొలిసారి ఎగిరాయి. అబ్దుల్ కలాం చొరవతో 1988లో రిసెర్చ్ సెంటర్ ఇమారత్ ప్రారంభమైంది. గమన నిర్దేశం, దిశానిర్దేశం, క్షిపణిలోని కంప్యూటర్లు ఆ కేంద్రం ముఖ్య పరిశోధనాంశాలు. తెలంగాణలో 'కంచ' అంటే పశువుల మేతకు విడిచిన బీడు. ఇమారత్ కంచ పేరుగల నేలపై క్షిపణుల మెదడు రూపుదిద్దుకొన్నది.

క్షిపణి నియంత్రకపు పని సూత్రప్రాయంగా సులభం. సెన్సర్లు ఇచ్చే కోణీయ వేగాన్ని, త్వరణాన్ని చదవాలి. కావలసిన గమనంతో పోల్చి లోపాన్ని కనుగొనాలి. ఆ లోపాన్ని తగ్గించే విధంగా రెక్కలను కదిలించాలి. ఈ చక్రం సెకనుకు వంద సార్లు తిరగాలంటే ప్రతి ఆవృత్తికి పది మిల్లీసెకన్లే గడువు. సమాధానం సరైనదైనా ఆలస్యమైతే అది తప్పుతో సమానం.

ఈ రంగంలో ఇద్దరు నిపుణులు అవసరమవుతారు. నియంత్రణ ఇంజనీరు సమీకరణాలతో ఆలోచిస్తాడు. సాఫ్ట్‌వేర్ ఇంజనీరు పూర్ణాంకాలతో, జ్ఞాపకస్థానాలతో, సమయపట్టికతో ఆలోచిస్తాడు. మొదటివాని పత్రాన్ని రెండవవాడు చదివి కోడ్‌గా మార్చాలి. దశాంశ సంఖ్య 16 బిట్ల పూర్ణాంకంగా మారాలంటే అది -32768, 32767 మధ్య ఇమడాలి. ఇమడకపోతే ఏమవుతుందో 1996 జూన్ 4న ఏరియాన్-5 రాకెట్ తొలి ప్రయోగం చూపింది. 64 బిట్ల దశాంశ విలువను 16 బిట్ల పూర్ణాంకంగా మార్చే ఒక్క చోట హద్దు దాటింది. రాకెట్ నలభై సెకన్లు గడవకముందే నాశనమైంది. ఆ కోడ్ రక్షణ అవసరాల కోసమే రూపొందిన ఆడా భాషలో ఉంది. ఏరియాన్-4లో నిరాటంకంగా పనిచేసిన కోడే అది. లోపం వాక్యంలో లేదు. ఆ వాక్యం ఏ ఊహపై ఆధారపడిందన్న సమాచారం కొత్త రాకెట్‌కు చేరలేదు. చేతిరాత పద్ధతి బలహీనత ఇక్కడే బయటపడుతుంది.

4. చిత్రమే ప్రోగ్రాము:
ఈ ఎడాన్ని తొలగించే ప్రయత్నాలు 1980లలో బలపడ్డాయి. ఫ్రాన్సులో లస్టర్, ఎస్టెరెల్, సిగ్నల్ అనే సమకాలిక భాషలు పుట్టాయి. లస్టర్ వారసత్వంగా వచ్చిన స్కేడ్ పరికరం అణు విద్యుత్, విమాన రంగాలలో నిలదొక్కుకొన్నది. ఎయిర్‌బస్ ఏ380 నియంత్రణ సాఫ్ట్‌వేర్‌లో దానిని ఉపయోగించారు. ప్రవాస భారతీయుడు నరేన్ గుప్తా సహవ్యవస్థాపకుడైన ఇంటిగ్రేటెడ్ సిస్టమ్స్ సంస్థ మ్యాట్రిక్స్-ఎక్స్ పరికరానికి ఆటోకోడ్ అనే ఉత్పాదకాన్ని జతచేసింది. 1984లో ఏర్పడిన మ్యాథ్‌వర్క్స్ సంస్థ మ్యాట్‌ల్యాబ్ తరువాత సిమ్యులింక్‌ను తెచ్చింది. డేవిడ్ హారెల్ 1987లో ప్రకటించిన స్థితిచిత్రాల ఆధారంగా స్టేట్‌ఫ్లో వచ్చింది. 2011లో ఆ సంస్థ తన కోడ్ ఉత్పాదకాలకు సిమ్యులింక్ కోడర్, ఎంబెడెడ్ కోడర్ అని కొత్త పేర్లు పెట్టింది.

ఈ పరికరాల పనితీరును నాలుగు దశలుగా చెప్పవచ్చు. మొదట చిత్రంలోని గడుల అమలు క్రమాన్ని పరికరం నిర్ణయిస్తుంది. ఒక గడి ఫలితం మరొక గడికి కావాలంటే మొదటిది ముందు నడవాలి. రెండవ దశలో ప్రతి రాశికి సంఖ్యా రూపం, హద్దులు కేటాయిస్తారు. మూడవ దశలో, వేగంగా నడవవలసిన భాగాలకు, నెమ్మదిగా నడవదగిన భాగాలకు వేర్వేరు కాలవ్యవధులు ఏర్పడతాయి. చివరకు ప్రారంభ స్థితిని అమర్చే ప్రమేయం, ప్రతి ఆవృత్తిలో నడిచే ప్రమేయం సి లేదా ఆడా భాషలో వెలువడతాయి. ఏ వాక్యం ఏ గడి నుండి వచ్చిందో వ్యాఖ్యలలో నమోదవుతుంది.

పుట్టిన కోడ్‌ను అనేక మెట్లలో పరీక్షిస్తారు. ముందుగా కంప్యూటర్‌లో నమూనాతో పోలుస్తారు. తరువాత అసలు ప్రాసెసర్‌పై నడిపిస్తారు. చివరగా అసలు నియంత్రకాన్ని కృత్రిమంగా అనుకరించిన క్షిపణికో వాహనానికో కలిపి చూస్తారు. ఈ చివరి మెట్టు, అనగా హార్డ్‌వేర్‌ను వలయంలో ఉంచి చేసే అనుకరణ, హైదరాబాదు క్షిపణి ప్రయోగశాలల ప్రత్యేక నైపుణ్యం.

అయితే 'స్వయంచాలక' అన్న మాటను చరిత్ర దృష్టితో జాగ్రత్తగా వాడాలి. గ్రేస్ హాపర్ 1952లో రూపొందించిన ఏ-0ను, 1957 నాటి ఫోర్ట్రాన్‌ను కూడా వాటి కాలంలో స్వయంచాలక ప్రోగ్రామింగ్ అనే అన్నారు. ప్రతి తరంలోనూ అప్పటికున్న భాషకంటె ఒక మెట్టు పైనున్న భాషకు ఆ పేరు దక్కింది. కనుక నేటి నమూనా చిత్రం కూడా ఒక భాషే. దానిలో రాసేవాడు మనిషే. తప్పు చిత్రంలో ఉంటే పరికరం ఆ తప్పును విధేయంగా కోడ్‌లోకి దింపుతుంది.

5. పనిముట్టు ఎవరి చేతిలో?
చేతిరాత కోడ్‌కు రచయిత జవాబుదారి. ఉత్పాదిత కోడ్‌కు పరికరం కూడా సాక్ష్యం చెప్పవలసి వస్తుంది. విమానయాన సాఫ్ట్‌వేర్‌కు వర్తించే డీఓ-178సీ ప్రమాణంతో పాటు వెలువడిన డీఓ-330 పత్రం ఇందుకే పరికరాల అర్హత నిర్ణయానికి నియమాలు విధించింది. ఉత్పాదకానికి తగిన అర్హత లేకపోతే అది పుట్టించిన కోడ్‌ను మనిషి రాసిన దానివలెనే పరీక్షించాలి.

హైదరాబాదుకు ఇది ప్రమాణాల ప్రశ్నగా మాత్రమే మిగలలేదు. 1987లో క్షిపణి సాంకేతికతల నియంత్రణ ఒడంబడిక అమలులోకి వచ్చింది. 1998 పోఖ్రాన్ పరీక్షల అనంతరం అమెరికా తన ఎగుమతి ఆంక్షల జాబితాలో డీఆర్‌డీఎల్, భారత్ డైనమిక్స్ వంటి సంస్థలను చేర్చింది. 2011 జనవరిలో గాని ఆ రెండు పేర్లు తొలగలేదు. కంచన్‌బాగ్‌లోనే 1988లో ఏర్పడిన అనురాగ్ ప్రయోగశాల పేస్ సమాంతర కంప్యూటర్‌ను, అనుపమ అనే 32 బిట్ల ప్రాసెసర్‌ను రూపొందించడం ఈ పరిస్థితుల వెలుగులో అర్థవంతమవుతుంది. చిప్‌ను నిరాకరించినట్టే లైసెన్సును కూడా నిరాకరించవచ్చు. పైగా చేతిరాత కోడ్ పాతబడినా చదవగలం. ఉత్పాదకం చేజారితే మిగిలేది మార్చడానికి అనువుగాని కోడ్ మాత్రమే. అసలు మూలమైన చిత్రం మూతపడిన పేటికలో ఉండిపోతుంది.

అందువల్ల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రత్యామ్నాయాలకు ప్రాధాన్యముంది. ఫ్రాన్సులోని ఇన్రియాలో పుట్టిన సైల్యాబ్, దానిలోని ఎక్స్‌కాస్ ఇందుకు ఉదాహరణలు. బొంబాయి ఐఐటీలోని ఫోసీ ప్రాజెక్టు సైల్యాబ్‌ను కళాశాలలకు చేరుస్తున్నది. వాణిజ్య పరికరాలతో ఇవి అన్ని విధాలా సమానం కాకపోయినా, ఉత్పాదకం లోపల ఏం జరుగుతుందో విద్యార్థి తెరచి చూడగలగడం వీటి విలువ.

6. అనువాదశాల నేర్పిన పాఠం:
ఇటువంటి సమస్యను హైదరాబాదు వేరొక రూపంలో ముందే చూసింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం 1917లో ఏర్పడిన దారుల్ తర్జుమా శాస్త్రగ్రంథాలను ఉర్దూలోకి అనువదించింది. అనువాదకుల నియామకంతో ఆ పని పూర్తికాలేదు. పరిభాషను నిర్ణయించే సంఘాలు కూడా కావలసివచ్చాయి. ఒక పదానికి ఏ అర్థమో ముందే స్థిరపడకపోతే అనువాదమెంత వేగంగా సాగినా గ్రంథం నిలవదు. కోడ్ ఉత్పాదన కూడా ఒక అనువాదమే. చిత్రంలోని ప్రతి గడికి సందిగ్ధం లేని అర్థం నిర్ణయించినప్పుడే యంత్రానువాదం నమ్మదగినదవుతుంది. సమకాలిక భాషల రూపకర్తలు మొదట గణితార్థాన్ని స్థిరపరచి, తరువాతే ఉత్పాదకాన్ని నిర్మించడంలోని అంతరార్థం ఇదే.

7. ముగింపు:
నేడు హైదరాబాదులో వాహన, విమాన సాంకేతిక కేంద్రాలెన్నో పనిచేస్తున్నాయి. వాటిలో చేరే తెలుగు పట్టభద్రులకు చిత్రం గీసి మీట నొక్కే నైపుణ్యం త్వరగానే అలవడుతుంది. వెలువడిన కోడ్‌ను చదివి, ఏ హద్దు ఎక్కడ దాటగలదో గుర్తించే నైపుణ్యం బోధన లేనిదే రాదు. చేతితో కోడ్ రాయడం వృత్తిగా తగ్గిపోవచ్చు. శిక్షణగా అది తగ్గకూడదు. పాఠ్యప్రణాళికలో ఒకే నియంత్రకాన్ని విద్యార్థి చేత ముందు చేతితో రాయించి, తరువాత ఉత్పాదకంతో పుట్టించి, రెండింటినీ పోల్చమనడం ఇందుకు తగిన మార్గం.

చార్మినార్ గడియారం కాలం తప్పితే దారిన పోయేవారు తలెత్తి చూసి గుర్తించగలరు. యంత్రాల లోపల దాగిన నియంత్రకాలకు అటువంటి ముఖఫలకం లేదు. వాటి తప్పును ముందుగా చూడగలిగేది కోడ్‌ను, దాని మూలాన్ని, దానిని పుట్టించిన పరికరాన్ని మూడింటినీ ప్రశ్నించగల చదువరి మాత్రమే.