పచ్చకాళ్ళ పెట్ట

మా అవ్వ దగ్గర ఒక పచ్చకాళ్ళ పెట్ట ఉండేది. చంద్రగిరి పక్క పల్లెల్లో కోడిని కాల్చి పసుపు రాస్తారు కాబట్టి తోలు పచ్చగా ఉంటుందని చిన్నప్పుడు నమ్మాను. మరి తిరుగుతున్న పెట్ట కాళ్ళకి పసుపు రాసిందెవరు? ఈ ప్రశ్న తట్టడానికి నాకు ముప్ఫై ఏళ్ళు పట్టింది.

పరిశోధన కోసం చదివిన క్రీడాభిరామంలో ఓరుగల్లు కోడిపందెం ఉంది. పల్నాటి కథలోనూ పందెమే. అందులో గెలిచిన నాయకురాలు నాగమ్మ మీదే యుద్ధం నింద పడటం మనకు కొత్త కాదు. కుక్కుటశాస్త్రం డేగ, కాకి, నెమలి అని రంగులు చెప్పి గెలుపోటములు లెక్కగడుతుంది. అంతటా పుంజే. పెట్ట ఏదీ?

1868లో డార్విన్, ఎర్ర అడవికోడిని మొదట మచ్చిక చేసింది మన దేశంలోనే అని రాశాడు. 2020లో 863 కోళ్ళ జన్యువులు పరీక్షించినవాళ్ళు ఆ పుట్టిల్లు నైరుతి చైనా, ఉత్తర థాయ్‌లాండ్, మయన్మార్ ప్రాంతమన్నారు. 2022లో, 89 దేశాల్లో 600 పైచిలుకు తవ్వకాల ఎముకలు మళ్ళీ చూసినవాళ్ళకు, నిస్సందేహంగా పెంపుడు కోడివని తేలిన తొలి ఎముకలు థాయ్‌లాండ్‌లోని బాన్ నాన్ వాట్‌లో కనిపించాయి. వాటి కాలం క్రీ.పూ. 1650-1250. వాళ్ళ వాదన నన్ను పట్టుకుంది: వరి, చిరుధాన్యాల సాగు వచ్చాక, రాలిన గింజల కోసం కోడే చెట్టు దిగి వచ్చిందట.

గింజలు రాలేదెక్కడ? కళ్ళంలో, రోటి దగ్గర, చేట చెరిగేచోట. అక్కడుండేదెవరు? వాళ్ళ వ్యాసం ఆ మాట అనలేదు, ఈ ఊహ నాది. అప్పటి రోకలి ఎవరి చేతిలో ఉందో ఎముకలు చెప్పవు.

పసుపు సంగతి 2008లో తేలింది. పచ్చతోలు జన్యువు ఎర్ర అడవికోడిది కాదు, బూడిదరంగు అడవికోడిది. అది మన దేశంలో తప్ప మరెక్కడా లేదు, తలకోన అడవిలో కూసేది అదే. పుట్టిల్లు ఎక్కడైనా, ఆ కాళ్ళ రంగు మాత్రం మన వైపుదే.

అవ్వ పెట్టను గంపలో పొదగేసి ఇరవైఒక్క రోజులు లెక్కపెట్టేది. పిల్లల్లో సగం ఇచ్చే ఒప్పందం మీద పక్కింటామెకు ఒక పెట్టను పాలుకిచ్చేది. గుడ్లమ్మిన డబ్బులు రొంటిన దోపుకునేది. నా డిగ్రీ ఫీజు అందులోంచే వచ్చింది. తాత రాసుకున్న జమాఖర్చుల్లో వేరుశెనక్కాయలుంటాయి, ఎరువుంటుంది, కోళ్ళుండవు.

ఒక ఏడు కొక్కెర తెగులొచ్చి ఊళ్ళో గంపలన్నీ ఖాళీ అయ్యాయి. మా పిన్ని పెళ్ళయి పుత్తూరు పోతూ ఆ పచ్చకాళ్ళ పెట్ట కూతుర్ని తీసుకుపోయింది. అవ్వ బస్సెక్కి వెళ్ళి, రెండు పిల్లల్ని సంచిలో పెట్టుకుని తిరిగొచ్చింది. దారంతా అవి కీచుకీచుమంటుంటే కండక్టర్ వాటికీ టికెట్ కొట్టాడని చాన్నాళ్ళు చెప్పుకుంది.